పంద్రా సౌ జోడు

రెండేళ్ల కిందటి మాట. షాబాన్ నెల ఆఖరి వారం. ఫజర్ అజాన్‌కి లేచి మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమ కింద ఎవరో మేకు దిగ్గొట్టినట్టు దర్ద్. గోడ పట్టుకుని గుసల్‌ఖానా దాకా కుంటుకుంటూ పోయాను. వుజూ చేసుకుని, నాలుగు సందులు దాటి మస్జిద్ చేరేసరికి నొప్పి మాయం. రాత్రి కాలు వంకరగా పెట్టి పడుకుని ఉంటాలే అనుకున్నా. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొద్దున మొదటి పది అడుగులు ప్రాణం పోయేది, ఆ తర్వాత ఏమీ జరగనట్టే ఉండేది. ఆఫీసులో గంటసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే మేకు.

రంజాన్ వచ్చింది. తరావీహ్‌లో ఎనిమిదో రకాత్ దాటాక నా బరువంతా ఎడమకాలి మీదికి జరిగిపోయేది. హాఫిజ్ సాబ్ అంత చక్కగా ఖురాన్ చదువుతుంటే నా ధ్యాసంతా మడమ మీద. పక్కన నిలబడే పెద్దాయన ఒకరోజు సలాం తిప్పాక నా చెవిలో, "ఏడీ కా దర్ద్ హై నా? మేరేకు బీ థా" అన్నాడు. ఇటుక వేడి చేసి, దాని మీద జిల్లేడాకు వేసి మడమ ఆనించమన్నాడు. ఆనించాను. వెచ్చగా బాగానే ఉంది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే.

ఈద్ అయ్యాక ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. కాలు చూపిద్దామని ప్యాంటు మడుస్తుంటే ఆయన, "కాలు తర్వాత. ముందు ఆ బూటు ఇటివ్వండి" అన్నాడు. సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా ఎమ్మెల్యేలను, కలెక్టర్లను ప్రశ్నలడిగిన మనిషిని, నా బూటు ఒకాయన చేతిలో పెట్టడానికి షర్మ్ పడ్డాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. వెనక మడమ దగ్గర నిలబడాల్సిన గోడ లోపలికి పడిపోయి, నలిగి, చాపలా అయిపోయి ఉంది. "ఇది బూటు కాదు సార్, చెప్పు. దీన్ని ఎన్నాళ్ల నుంచి తొక్కుతున్నారు?" అన్నాడు.

అరికాలి కింద మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా విల్లుకు అల్లెతాడు కట్టినట్టు ఒక గట్టి పట్టీ ఉంటుందట. పాదంలోని 26 ఎముకలు కమానులా నిలబడటానికి అది ఆసరా. గంటల తరబడి గట్టినేల మీద ఆధారం లేని చెప్పులతో నిలబడితే, తిరిగితే, అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా బిగుసుకుని ఉండి పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారి సాగుతుంది. అందుకే ఫజర్ వేళ ఆ మేకు. గోలీలు రాశాడు, పిక్కలకు సాగదీసే కసరత్తు చెప్పాడు, తగ్గడానికి నెలలు పడుతుంది సబర్ చేయండన్నాడు. ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో తిరగొద్దన్నాడు. అన్నిటికన్నా ముందు బూట్లు మార్చమన్నాడు.

బయటికొచ్చి ఆలోచిస్తే, ఆ మడమ గోడ ఎందుకు పడిపోయిందో తెలిసింది. జుమ్మా రోజు ఏ మస్జిద్ మెట్ల దగ్గరైనా నిలబడి చూడండి. నూటికి ఎనభై బూట్లు మడమ దగ్గర తొక్కేసినవే. డ్యూటీలో ఉండగానే జుహర్‌కి, అసర్‌కి, మగ్రిబ్‌కి మూడుసార్లు బూట్లు విప్పాలి, మోజాలు తీయాలి, కాళ్లు కడగాలి, తడి ఆరకముందే మళ్లీ తొడగాలి. లోపల ఇఖామత్ వినబడుతుంటే లేసులు విప్పుతూ కూర్చునేదెవరు? అందుకని కాలు జొనపడానికి, లాగడానికి ఏది సులువో దాన్నే కొంటాం. నడవడానికి ఏది మంచిదన్నది మన లెక్కలోనే ఉండదు. మా వృత్తిలో అది ఇంకా ఎక్కువ. ఇంటికి పోయి ఇంటర్వ్యూ అంటే గుమ్మంలో విప్పాలి, దర్గా ఉర్సు వార్త అంటే విప్పాలి, గుడి బ్రహ్మోత్సవం అంటే విప్పాలి.

ఒక విచిత్రం చెప్పనా. చిన్నప్పుడు ఉర్దూ మీడియం స్కూల్లో దీనియాత్ చెప్పే మౌల్వీ సాబ్ తోలు మోజాల మీద మసహ్ చేసే మసాయిల్ బట్టీ పట్టించేవారు. ఊళ్లో ఉన్నవాడికి ఒక పగలు ఒక రాత్రి, ముసాఫిర్‌కి మూడు పగళ్లు మూడు రాత్రులు. మోజాకి కాలి చిటికెన వేళ్లు మూడింటంత చిరుగు ఉంటే మసహ్ చెల్లదు. దాన్ని వేసుకుని నడవగలిగేలా ఉండాలి. కాలికి తొడిగేదాని గురించి మన ఫుఖహా అంత బారీకీగా ఆలోచించారు. ఆ సబక్‌లో నాకు పదికి పది మార్కులు. అదే నేను బూట్లు కొనేటప్పుడు షాపులో అయిదు నిమిషాలు కూడా నిలబడను.

నిలబడకపోవడానికి ఇంకో కారణం ఈద్. మా ఇంట్లో చెప్పులు కొనే రోజు ఏడాదికి ఒక్కటే, చాంద్ రాత్‌కి రెండు రోజుల ముందు. అబ్బా దర్జీ. జీవితమంతా ఒట్టికాళ్లతో మిషన్ తొక్కాడు. పండక్కి ఊరందరి బట్టలు కుట్టి ఆ డబ్బులొచ్చాక మా నలుగుర్నీ బజారుకి తీసుకుపోయేవాడు. అందరికీ ఒక నంబరు పెద్దది. ముందు దూది కుక్కి వేసుకోవాలి, కాలు పెరిగేకొద్దీ దూది తీసేయాలి. మెరుస్తోందా, పైజామా కింద కనబడుతుందా, ఈద్‌గాహ్‌లో పక్కవాడు చూస్తాడా. అంతవరకే పరీక్ష. పండగ మూడు రోజులయ్యాక అదే జోడు స్కూలుకి. కరిచేది. ఉర్దూలో 'జూతా కాట్తా హై' అంటాం, తెలుగులో 'చెప్పు కరిచింది' అంటాం. బొబ్బలెక్కితే అమ్మీ కొబ్బరినూనె రాసి, "నాలుగు రోజులు కరుస్తుంది, తర్వాత అదే అలవాటైపోతుంది" అనేది. ఇవాళ డాక్టరు చెప్పేది సరిగ్గా దానికి ఉల్టా. షాపులో కరిచిన బూటు ఇంట్లోనూ కరుస్తుంది, అలవాటు చేసుకునేది బూటు కాదు, కాలు.

పెద్దయ్యాక కూడా ఆ ఆదత్ పోలేదు. 2009లో రంజాన్ ఈద్‌కి నల్లటి, మొనదేలిన బూట్లు కొన్నా. అప్పుడు నేను కర్నూలు ఎడిషన్‌లో కొత్త రిపోర్టర్‌ని. పండగయిన పది పదకొండు రోజులకి, అక్టోబర్ 2న, తుంగభద్ర, హంద్రీ కలిసి మా పాతబస్తీని ముంచేశాయి. నీళ్లు తీశాక మోకాలి లోతు బురద. వారం పైగా ఆ ఈద్ బూట్లతోనే ఆ బురదలో తిరిగి వార్తలు రాశాను. వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని ఊడింది. ఇళ్లు పోయినవాళ్ల మధ్య నా బూట్ల గురించి మాట్లాడటం పాపమనిపించి ఎవరికీ చెప్పలేదు. అది సరే. కానీ వరద పోయిన పదిహేనేళ్ల తర్వాత కూడా ఆ మొనదేలిన నమూనాలోనే, ప్రెస్‌మీట్లో బాగుంటుందని, కొంటూ వచ్చాను చూడండి, దానికి మాత్రం ఏ బహానా లేదు.

కొత్తవి కొనేముందు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర ఆగాను. పాతవి చూపించి బాగవుతాయా అని అడిగితే ఆరె, రంపె పక్కన పెట్టి రెండు బూట్లనూ బండ మీద నిలబెట్టాడు. కంటికి సమానంగా వంగి చూశాడు. "మడమ బయటి అంచు ఒక రవ్వ అరిగిందంటే అది అందరికీ ఉండేదే సార్. నీది లోపలికి కూలబడింది, చూడు. కుడిది మరీ. బూటు ఆపక కాలు లోపలికి పడిపోతా ఉంది. అట్ట ఏస్తే అట్ట నిలబడదు, కొత్తది కొనుక్కో" అన్నాడు. పని వద్దని పంపేసే వ్యాపారిని నేను అరుదుగా చూశాను. కూర్చున్న పది నిమిషాల్లో నా ముందే ముగ్గురి బూట్లు తిప్పి చూపించాడు. ఒకాయన ముందువైపే అరిగాయి, ఒకామె చెప్పు మధ్యలో మడత పడింది. "నడుమ ఇరిగే చెప్పు కాలిని గూడా ఇరుస్తాది" అన్నాడు.

ఆయన చెప్పిందీ డాక్టరు చెప్పిందీ కలుపుకుని, మగ్రిబ్ చదివాక షాపుకి పోయాను. సాయంత్రమే ఎందుకంటే, రోజంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పొద్దున సరిపోయింది సాయంత్రానికి తంగ్ అవుతుంది. ఆఫీసుకి వేసుకునే మందం మోజాలే వేసుకుని పోయాను. రెండు కాళ్లూ కొలిపించాను. నా ఎడమది కుడిదానికన్నా పెద్దదని నలభై నాలుగేళ్లకు తెలిసింది. పెద్దకాలికే కొనాలి. బూటు లోపలి అట్ట బయటికి తీసి దాని మీద నిలబడ్డాను. పాదం అట్ట దాటి పక్కలకి పొర్లితే ఆ బూటు నాది కాదు. ముందు బొటనవేలి దగ్గర, లేదా అందరికన్నా పొడుగున్న వేలి దగ్గర, ఒక బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. వెనక గోడను బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. ముందుభాగం వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడుమ కాదు. రెండు చివరలూ పట్టి దస్తీ పిండినట్టు పిండితే, పిండబడకూడదు.

సేల్స్ కుర్రాడు నా వైపు పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. "ఇవి చూడండి సార్, దూదిలా ఉంటాయి" అని ఒకటి తెచ్చాడు. కాలు పెడితే నిజంగానే పరుపు మీద పెట్టినట్టుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. నేనూ పోయేవాణ్ణే. మెత్తదనం వేరు, ఆసరా వేరు. బొటనవేలితో గట్టిగా నొక్కితే ఆ స్పాంజి అడుగు తగిలింది. అయిదు నిమిషాలు రాహత్ ఇచ్చి ఆరో నిమిషం నుంచి నేలే. చివరికి నల్లటి, మొద్దు మొహం ఉన్న, వెల్‌క్రో పట్టీల జోడు ఒకటి తీసుకున్నా. లేసుల బాధ లేదు. రెండు పట్టీలు చర్రున లాగితే వుజూకి సిద్ధం, మడమ తొక్కే పని లేదు. మడమ దగ్గర పెట్టి కాలు జారించే చెంచా ఒకటి అడిగి తీసుకుని బ్యాగులో వేసుకున్నా. ప్రెస్‌మీట్లో ఎవరూ మెచ్చుకోరు. ధర 4,299 రూపాయలు. అంత డబ్బు కాళ్లకి పెట్టడం మా ఖాందాన్‌లో నేనే మొదటివాణ్ణేమో.

ఇంటికి తెచ్చాను. మా ఆపా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి వసారాలో కూర్చుని ఉంది. డబ్బా తెరిచి జోడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "కిత్నే కే లియా రే?" అంది.

"పంద్రా సౌ" అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. ఆమె కాళ్ల దగ్గర విప్పి పెట్టిన నల్ల బెల్లీస్ కనబడుతున్నాయి. బండి మీద నూటయాభైకి కొన్నవి. అప్పడం మందం సోలు. "అచ్ఛే హై. ఆ ఖాళీ డబ్బా నాకియ్యి, మందులు పెట్టుకుంటా" అంది.

ఆపా సంగతి చెప్పాలి. దుల్హాభాయ్ పోయాక కూతుర్ని తీసుకుని మా ఇంటికే వచ్చేసింది. పన్నెండేళ్లుగా చీరలు అమ్ముతోంది. మొదట్లో చేసింది పాత పద్ధతి బట్టల కొట్టు. తెల్ల దుప్పటి పరిచిన గద్దీ, దాని మీద అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ చెప్పులు విప్పి కూర్చోవడమే. మధ్యలో చీరల కుప్ప. నడుం నొప్పి పుట్టేది గానీ కాళ్లకు తక్లీఫ్ ఉండేది కాదు. తర్వాత ఊళ్లోకి పెద్ద షోరూములు వచ్చాయి. అద్దాలు, ఏసీ, నున్నటి టైల్స్, నిలువెత్తు కౌంటర్లు. స్టూళ్లు ఉంటాయి, కస్టమర్లకి. ఆపా పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర. మధ్యలో అన్నానికి అరగంట. యూనిఫాం, దాని కిందికి నల్ల బెల్లీస్. పండగ సీజన్లో సెలవు లేదు. మన పండగకైనా, వాళ్ల పండగకైనా.

కేరళలో ఇలాంటి అమ్మాయిల కోసం కోళికోడ్‌లో విజి అనే ఒక దర్జీ మహిళ మొదలుపెట్టిన పోరాటం ఏళ్లు నడిచింది. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్లు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలంది. 2021లో తమిళనాడు కూడా అలాగే చట్టం చేసింది. తమిళనాడు వార్త వచ్చిన రాత్రి డెస్కులో నేనే ఉన్నాను. ఏజెన్సీ కాపీని తెలుగు చేసి సింగిల్ కాలమ్ పెట్టాను. హెడ్డింగ్ బాగా కుదిరిందని సంతోషించాను కూడా. ఇంటికి పోయేసరికి పదకొండయింది, ఆపా తలుపు తీసింది, గోరువెచ్చటి నీళ్ల టబ్బులోంచి లేచొచ్చిన తడి కాళ్లతో. ఆ వార్తకీ ఆ కాళ్లకీ ఉన్న రిష్తా నాకు తట్టలేదు.

నా మడమ నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. ఆరేడు నెలలు పట్టింది. ఆ చలికాలంలో ఒక రాత్రి ఆపా ఇషా చదివి లేచాక, జానమాజ్ మడవబోయిన మా అమ్మాయి "ఫూఫీ, ఖూన్!" అని అరిచింది. ఆకుపచ్చ జానమాజ్ మీద, కుడికాలు ఆనిన చోట, రూపాయి బిళ్లంత మరక.

ఆపా కూర్చుని కాలు తిప్పి చూసుకుంది. రెండో వేలి మొదట్లో, అరికాలి వైపు, చిన్న నల్ల చుక్క. బెల్లీస్ తెచ్చి చూస్తే సోలులో గుండుసూది. షోరూముల్లో చీరల మడతల్లోంచి తీసిన సూదులు రోజూ నేల మీద పడుతూనే ఉంటాయి. ఒకటి ఆ అప్పడం సోలు దాటి లోపలికి వచ్చింది. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకు తెలియదు. పొద్దున్నో, మధ్యాహ్నమో. దాని మీదే నిలబడి చీరలు అమ్మింది. దాని మీదే ఇంటికి నడిచొచ్చింది.

తొమ్మిదేళ్లుగా ఆమెకు షుగర్.

పసుపు పెట్టుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా నాలుగు రోజులు డ్యూటీకి పోయింది. మేమూ అడగలేదు. నేను నిజంగా మర్చిపోయాను. అయిదో రోజు జ్వరం, వేలు నల్లబడింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మూడు వారాలు ఉన్నాం. కాలు దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. రెండో వేలు దక్కలేదు.

అక్కడొక డాక్టరమ్మ చేసిన పరీక్ష నా కళ్లముందు ఇంకా ఉంది. చిన్న పుల్ల చివర సన్నటి నైలాన్ దారం. దాన్ని చర్మం మీద నొక్కితే 10 గ్రాముల బరువుకి వంగుతుంది. స్పర్శ ఉన్న కాలికి అది తెలియాలి. ఆపాని కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా 'ఆఁ' అనమంది. ఎడమ కాలి బొటనవేలు, దారం వంగింది, ఆపా మౌనం. వేళ్ల మొదలు, వంగింది, మౌనం. మడమ, మౌనం. నేను పక్కన నిలబడి ప్రతిసారీ చూస్తున్నా. కాసేపయ్యాక ఆపా కళ్లు మూసుకునే, "షురూ చేయలేదామ్మా ఇంకా?" అని అడిగింది.

నా మడమ దర్ద్ పెట్టింది కాబట్టి నేను డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆమెకు ఆ దర్ద్ అనే నౌకరే పని మానేశాడు. ఎవరు చెప్పాలి ఆమెకు?

ఆసుపత్రిలో ఎంసీఆర్ చెప్పులు వేయించమన్నారు. అంటే సన్నటి గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు. నొక్కితే పూర్తిగా అణగదు, బరువును పాదమంతా పంచుతుంది. దీని చరిత్ర వినదగ్గది. వేలూరు సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్లు కుష్టు రోగుల కాళ్ల పుళ్లు ఎందుకు మానడం లేదని ఏళ్ల తరబడి చూసి, ఆ పుళ్లకు మూలం నొప్పి తెలియకపోవడమేనని, మందుతో పాటు పాదరక్ష కూడా కావాలని గట్టిగా చెప్పారు. వాళ్ల కోసం వాడిన ఈ రబ్బరే తర్వాత షుగర్ పేషెంట్లకి పనికొచ్చింది. ఆపాకి ఇదంతా చెప్తే, "హౌ, ఆ చెప్పులు చూస్తేనే బీమార్ అని తెలిసిపోతుంది. షోరూములో ఒప్పుకోరు" అంది. నేను మేనేజర్‌తో మాట్లాడతానన్నా. "నక్కో. నువ్వు పేపరోడివని తెలిస్తే ముందు కుర్చీ వేస్తారు, తర్వాత నెల నన్ను తీసేస్తారు" అంది. తనే పోయింది. ఏం మాట్లాడిందో చెప్పలేదు. నల్లగా, మూసి ఉండేవి అయితే వేసుకోవచ్చన్నారట. స్టూలు గురించి అడిగావా అంటే, "ఒక్కరోజుకి ఒక్కటి చాలు" అంది.

నల్లగా, మూసి ఉండేవి, ముందు వెడల్పుగా, లోపలి అట్ట ఊడొచ్చేవి, మడమ గట్టిగా ఉండేవి, పట్టీతో బిగించుకునేవి. ఆడవాళ్ల సెక్షన్లో అలాంటి జోడు దొరుకుతుందేమో ఒక సాయంత్రం మీరూ వెతికి చూడండి. అయిదు షాపులు తిరిగాం. అన్నీ మొనదేలినవి, పూసలవి, చదునైనవి. నంబరు పెంచితే పొడుగు పెరుగుతోంది, వెడల్పు పెరగడం లేదు. ఇందులో కాలి తప్పు లేదు. మనం ఇప్పటికీ వాడేది ఇంగ్లీషువాళ్లు వదిలిపోయిన నంబర్లు. చెన్నైలోని తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా దేశంలో లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాలకన్నా వెడల్పని తేల్చింది. దాని ఆధారంగా 'భా' అని మనకంటూ కొత్త కొలతల పద్ధతి ప్రతిపాదించింది. అవి బజారుకి వచ్చేదాకా ఆపా కాలు ఆగదు కదా.

ఆరో షాపులో మగవాళ్ల సెక్షన్‌లోకి తీసుకుపోయాను. "క్యా రే, మర్దోంకే జూతే?" అని నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. వాకింగ్ బూట్లు, పూర్తి నలుపు, వెల్‌క్రో. లోపలి అట్ట తీసేసి దాని స్థానంలో ఎంసీఆర్ అట్ట పెడితే వేళ్ల మీద ఇంకా ఖాళీ ఉంది. స్పర్శ లేని కాలికి 'సరిపోయిందా' అని అడిగి లాభం లేదు, ఆమె దేనికైనా సరిపోయిందనే అంటుంది. అందుకని ముందే ఇంట్లో ఆమె రెండు కాళ్లూ కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో గీసుకుని, కత్తిరించి తెచ్చాను. ఆ కాగితాలు బూటులో పెట్టి, ఎక్కడా మడత పడకపోతేనే తీసుకున్నాం. కొన్నాక డాక్టరమ్మకు చూపించి సరే అనిపించుకున్నాం. మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు, విప్పిన ప్రతిసారీ ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడటం. అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకోవడం మా మేనకోడలు నేర్పింది.

వుజూ సంగతి కూడా డాక్టరమ్మే అడిగింది. కాళ్లు రోజుకి అయిదుసార్లు కడుగుతారు కదా, వేళ్ల మధ్య తడి ఎలా తుడుస్తారు అని. మనం ఖిలాల్ చేస్తాం, చిటికెన వేలు పెట్టి ఒక్కో సందూ కడుగుతాం. తుడవం. తడి అలాగే బూటులోకి పోతుంది, అక్కడ పాచి పట్టినట్టు ఫంగస్ పట్టి చర్మం చిట్లుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి అదే దర్వాజా. ఇప్పుడు ఆపా బ్యాగులో చిన్న నూలు తువాలు ఒకటి, పొడి మోజాలు ఒక జత ఎప్పుడూ ఉంటాయి. నా బ్యాగులోనూ ఉన్నాయి. వేలు లేని చోట ఖిలాల్ చేసేటప్పుడు ఆమె చేయి ఒక్క క్షణం ఆగుతుందని మా ఇంటావిడ అంటుంది. నేను చూడలేదు.

బూటు తొడిగే ముందు తలకిందులు చేసి దులపాలి, లోపల చేయి పెట్టి వేళ్లు పోయే చివరిదాకా తడమాలి. కాలికి తెలియనిది చేతికి తెలుస్తుంది. ఆపా తనవి చూసుకుని, వరసలో ఉన్న మా అందరివీ చూస్తుంది. మా అమ్మాయి స్కూల్ బూట్లలోంచి చింతగింజలు, పెన్సిల్ ముక్క తీసింది. అమ్మీ రబ్బరు చెప్పులు బాగా అరిగాయని మొన్న తనే పోయి వెనక పట్టీ ఉన్నవి తెచ్చింది. కుడికాలు ముందు తొడగడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇప్పుడు మా ఇంట్లో కుడి చేయి కూడా ముందే వెళ్తుంది.

ఇది రాస్తానంటే మొదట నక్కో అంది. తర్వాత, సూదుల సంగతి రాయి, కౌంటర్లలో నిలబడే పిల్లలు చదువుతారు, వాళ్ల అమ్మలకి షుగర్ ఉంటే కాళ్లు చూపించుకుంటారు అంది. తన పేరు రాయొద్దంది. షోరూము పేరు అసలే వద్దంది.

మొన్న రాత్రి ఆమె దూది తెచ్చివ్వమంటే అలమారా తెరిచాను. మందులు, గాజుగుడ్డ, కత్తెర అన్నీ నా బూట్ల డబ్బాలో సర్ది ఉన్నాయి. రెండేళ్లుగా అదే డబ్బా. దూది కోసం దాన్ని ముందుకి లాగితే ధర చీటీ కనబడింది, 4,299 అని, చినగకుండా, గీత కూడా పడకుండా. ఆ పక్కని ఆమె ఇన్నాళ్లూ గోడవైపు తిప్పి పెట్టుకుంది. దూది తీసుకుని డబ్బాను మళ్లీ అలాగే తిప్పి పెట్టాను.